మందు పెట్టినది ఎవరు

41వ ఏడు, ఆషాఢం, ఆదివారం

ఓడలు కలిపి కట్టి నలభై ఒక్క ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఒక్క సాయంత్రం బూరలో నా పేరు ఇన్నిసార్లు వినపడటం ఇదే మొదలు.

పెసరపప్పు కడుగుతున్నాను. గోడమీది బూరలో విహాన్‌బాబు ఎప్పటిలాగే "భోజనాలయ్యాయా అమ్మా? మూడో ఓడవాళ్ళకి కరెంటొచ్చిందా?" అని పలకరించి, "ఇవాళ నేనేమీ చెప్పను. ఒక పుస్తకం చదువుతాను, అంతే" అన్నాడు. కాగితం తిప్పిన చప్పుడైంది. తరవాత నిదానంగా చదవడం మొదలుపెట్టాడు.

"పదహారో ఏడు, చైత్రం, బుధవారం. పెద్ద ట్యాంకు. పది లీటర్లు. మందు పెట్టినది, జోషిత. గురువారం. పెద్ద ట్యాంకు. పది లీటర్లు. మందు పెట్టినది, జోషిత. శుక్రవారం..."

అలా పావుగంట చదివాడు. చివర "నాకేమీ తెలియదు. అడుగుతున్నాను. అడిగితే తప్పేంటి?" అన్నాడు. అతని కార్యక్రమం పేరే అది, 'అడిగితే తప్పేంటి'.

జోషితని నేనే. మా అమ్మానాన్నలు ఒడ్డున ఉన్న రోజుల్లో ఆడపిల్లలకి అలాంటి పేర్లే పెట్టేవారు. డెబ్భై ఆరేళ్ళు వచ్చాక ఆ పేరు ఎంత నప్పుతుందో వాళ్ళకి తట్టలేదు. నా మనవరాలి తరానికి మళ్ళీ పాత పేర్లు తిరిగొచ్చాయి. దాని పేరు నూకరత్నం. ఇరవై ఏళ్ళు నేను చేసిన పనే అయిదేళ్ళుగా అది చేస్తోంది. ఉప్పునీళ్ళలోంచి కరెంటు పోనిచ్చి, వచ్చిన క్లోరిన్ నీళ్ళని రోజూ ఉదయం పెద్ద ట్యాంకులో పోయడం. ఇప్పుడు మిగిలిన అయిదు ఓడల జనమూ తాగేది ఆ ట్యాంకులోంచే.

రిజిస్టరుకి గళ్ళు గీసింది నేనూ, నాతో పనిచేసిన హాసినీ. తేదీ, ట్యాంకు, కొలత. నాలుగో గడికి 'మందు వేసినది' అని రాయాలి. ఆ రోజుల్లో కమిటీ అధ్యక్షుడి తల్లి, కోడలు తన కొడుక్కి మందు పెట్టి కొంగున కట్టేసుకుందని ఓడలన్నీ తిరిగి చెప్పేది. మాకు నవ్వాగక 'మందు పెట్టినది' అని రాసేశాం. హాసిని పోయి పదేళ్ళయింది. శీర్షిక మాత్రం ఎవరూ మార్చలేదు. నిన్నటి గడిలో 'మందు పెట్టినది, రత్నం' అని ఉంటుంది.

ఇది రాస్తుంటే ఇప్పటికీ కొంచెం నవ్వొస్తోంది.

సోమవారం

ఇవాళ నా జవాబు రోజు. విహాన్‌బాబు ఏదైనా అడిగిన మర్నాడు మైకు గదిలో అయిదు నిమిషాలు జవాబు చెప్పడం పదకొండేళ్ళుగా నా పని. నాలుగో ఓడ మునిగిన ఏడాది నుంచి అతను అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. అతను మొదట అడిగిన ప్రశ్న, నాలుగో ఓడ గొలుసు తెగిందా, తెంపారా అని. ఆ ఓడలో నా కొడుకూ కోడలూ ఉన్నారు. ఒక సాయంత్రం పూర్తిగా నేను కూడా తెంపారనే నమ్మాలనుకున్నాను. తుప్పుని తిట్టుకోవడం కంటే మనిషిని తిట్టుకోవడం తేలిక. మర్నాడు గొలుసు ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. తుప్పే.

మైకు ముందు ఇలా అన్నాను. "నిన్న బాబుగారు చదివింది నా దస్తూరీయే. నేను ఊరందరికీ మందు పెట్టినదాన్నయితే ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కరోజైనా ఎవరో ఒకరు నా మాట విని ఉండాలి. మా ఆయన మీద వాడి చూశాను. ఆయనకీ పనిచెయ్యలేదు."

ఒకటో ఓడా రెండో ఓడా నవ్వడం కిటికీలోంచి వినపడింది. నా తరవాత రెండో ఓడ డాక్టరు కల్యాణి అంకెలు చెప్పింది. అంకెలు చెప్పేటప్పుడు జనం కూరలు తరుగుతారు.

నేనుండే మూడో ఓడకి తిరిగొచ్చేసరికి నడవాలో ఎవరూ నవ్వడం లేదు.

సాయంత్రం బూరలో అతను, "అమ్మగారు బాగా నవ్వించారు. నేనూ నవ్వాను. కానీ కాదని అన్నారా? కాదనడం మీలో ఎవరైనా విన్నారా?" అన్నాడు.

నేను చెప్పిన అయిదు నిమిషాలూ మనసులో వెనక్కి తిప్పి చూసుకున్నాను. నిజమే. ఆ ఒక్క మాటా అనలేదు.

గురువారం

పక్క గది పైడమ్మ వలలు బాగుచేస్తుంది. రెండేళ్ళ కూతురు బంగారిని చంకనేసుకుని రోజూ పొద్దున్న నా గదికి వచ్చి మజ్జిగ తాగి వెళ్ళేది. సోమవారం నుంచి రావడం లేదు. ఇవాళ కుళాయి దగ్గర దొరికింది.

"ఏమే, కనపడటం మానేశావు."

"కనబడాలేటి అమ్మగోరూ? మమ్మల్ని సూసి నవ్వుకోడానికా?"

"నవ్వింది నిన్ను చూసి కాదే. అతన్ని."

"ఆయన్ని నవ్వితే మమ్మల్ని నవ్వినట్టు కాదేటి? ఆయన మాట ఇనేది మావే గదా."

"మందంటే క్లోరినని బళ్ళో పాఠం చెప్పినప్పుడు నీకు నేనే చెప్పానుగా."

"సెప్పినారు. మరి కిలోరినని రాసుకోకపోనారా? మందని ఎందుకు రాసినారు? పెట్టినాదని ఎందుకు రాసినారు?"

పదకొండేళ్ళుగా జవాబులు చెబుతున్నదాన్ని. "సరదాకి రాశాను" అన్నాను.

"ఏటి?"

"సరదాకే."

పైడమ్మ బిందె ఎత్తుకుంది. "మా పేణాల మీద మీకు సరదా" అంది. కోపంగా అన్నా నాకు భయం వేసేది కాదు. మెల్లగా, అలసటగా అంది.

మనిషి గొంతునీ మొహాన్నీ అచ్చుగుద్దినట్టు దింపే యంత్రాలు, అచ్చుగొంతులు, వచ్చిన దగ్గర్నుంచి బొమ్మనీ, రికార్డునీ ఎవరూ సాక్ష్యంగా ఒప్పుకోరు. చచ్చిపోయినవాళ్ళ చేత కూడా కబుర్లు చెప్పించిన రోజులు చూశాం. అందుకని ఓడల చట్టం రెండిటినే నమ్ముతుంది. మనిషి మైకు ముందు నిలబడి స్వయంగా అన్న మాట, సిరాతో రాసిన చేతిరాత. ఆ చట్టం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. దాని ప్రకారం నేను ఏడు వేల మూడు వందల సార్లు ఒప్పుకున్నదాన్ని.

కింది అంతస్తులో మందు కక్కించేవాడొకడు తయారయ్యాడు. చింతపండు రసంలో ఉప్పు కలిపి చెంబెడు తాగించి, గొంతులో ఈక పెడుతున్నాడు. కక్కినదాంట్లోంచి వెంట్రుకల ఉండ తీసి "ఇదిగో మందు" అని చూపిస్తున్నాడట. ఇవాళ ఒక్కరోజే పదకొండుమంది. అందరివీ ఒకే రంగు వెంట్రుకలు. ఇది సోమవారం మైకులో చెప్పడానికి ఎంత బాగుంటుందో అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే విసుగేసింది.

రత్నం మధ్యాహ్నం వచ్చింది. ఎడమ మణికట్టు గీరుకుపోయి ఉంది.

"ఎవరే?"

"ఎవరని చెప్పను మామ్మా. నలుగురు. చెయ్యి పట్టుకుని వాసన చూశారు. ఒకావిడ 'ఇదే వాసన, ఇదే' అని ఏడ్చింది. నేను లాక్కోలేదు. లాక్కుంటే ఇంకేమనుకుంటారో అని."

శనివారం

కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు అప్పన్న మంచివాడు. అందరితోనూ మంచివాడే, అదే ఇబ్బంది.

"నలభై రోజులు మందు ఆపేద్దాం అమ్మగారూ. జనం చల్లబడతారు. ఏమీ కాలేదని తేలితే మీకే మంచిది కదా."

"మందు ఆపితే ఏమీ కాకుండా ఎలా ఉంటుంది అప్పన్నా? మూడో ఓడకి వెళ్ళే పైపు ఎప్పుడు వేశారో నీకు తెలుసు. దాని కింద మురుగు నిలబడి ఉంది."

"పైపు బాగుచేయిద్దాం."

"ఎప్పుడు?"

"అది వేరే అజెండా."

డాక్టరు కల్యాణి ఒక్కతే వద్దని చెయ్యెత్తింది. ట్యాంకు దగ్గర రత్నం పనిచేసే మందు గదికి సీలు వేశారు. పంపు నడపడం, ట్యాంకు మూత తీసి మట్టం చూడడం మాత్రం దాని పనిగానే ఉంచారు.

తీర్మానం చివర ఒక వాక్యం చేర్చారు. ఈ నలభై రోజుల్లో ట్యాంకులో ఎవరు ఏది కలిపినా నీళ్ళు పాడుచేసిన నేరం కింద లెక్క. దానికి శిక్ష మొదటి ఏటిలోనే రాసి ఉంది, తెడ్డు లేని పడవలో దింపెయ్యడం. ఇంతవరకు ఒక్కసారే అమలైంది. ఆ రోజు నేను ఓడ పైతట్టు మీద ఉన్నాను. అతను చాలాసేపు చేతులతో తెడ్డు వేశాడు.

శ్రావణం, శుక్రవారం

ఆరో రోజు. కుళాయి నీళ్ళు పరీక్ష గొట్టంలో పట్టి చుక్కల మందు వేసి చూశాను. క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరగాలి. వర్షపు చుక్కలా తెల్లగా ఉండిపోయాయి.

మూడో ఓడ కింది అంతస్తులో బుధవారం నుంచి విరేచనాలు. నిన్నటికి ముప్ఫై మంది. ఇవాళ లెక్కపెట్టేవాళ్ళకీ పట్టుకుంది. కక్కించిన పదకొండుమందిలో ముసలాయన ఒకరు పొద్దున్న పోయారు. ఒంట్లో నీళ్ళు అంతకుముందే పోగొట్టుకుని ఉన్నారు.

సాయంత్రం బూర పలికింది. "మూడో ఓడ అక్కచెల్లెళ్ళూ, భయపడకండి. ఇరవై ఏళ్ళు ఒంట్లో పేరుకున్నది ఒక్కరోజులో పోతుందా? దిగాలి కదా. దిగుతోందేమో. నేను డాక్టర్ని కాను, అడుగుతున్నాను."

నడవాలో ఎవరో "మందు దిగుతోందిరా" అని పక్క గదికి చెప్పారు. శుభవార్త చెప్పినట్టు చెప్పారు.

ఇది నాకు కొత్త. ఇన్నేళ్ళూ అతని మాటలకి ఎదురు సాక్ష్యం చూపిస్తే చాలని అనుకున్నాను. ఇప్పుడు శవాన్ని చూపించినా అది అతని సాక్ష్యమే అవుతోంది. సోమవారం మైకులో ఏం చెప్పాలో తోచక కాగితం ముందు రెండు గంటలు కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి నాకు చలోక్తి రాలేదు.

ఆదివారం

బంగారికి నిన్నటి నుంచి పట్టుకుంది. గోడ అవతల ఏడుపు సాయంత్రానికి సన్నగిల్లింది. తలుపు కొట్టాను. పైడమ్మ సందులోంచి చూసింది.

"నీళ్ళు మరగబెట్టి, ఉప్పూ పంచదారా కలిపి పట్టవే. నేను కలిపిస్తాను."

"మీరు కలపొద్దు."

"సరే. నువ్వే కలుపు. నేను గుమ్మంలో నిలబడి చెబుతాను."

 చివరికి తనే కలిపింది. చెంచాతో పడుతుంటే పిల్ల పెదాలు కదిలాయి. నేను గుమ్మం దాటలేదు.

మంగళవారం

పొద్దున్న అలవాటు కొద్దీ కుళాయి నీళ్ళు గొట్టంలో పట్టాను. పసుపు. లేతగా, కానీ పసుపే. నేలమీద కూర్చున్నాను.

రత్నం పంపు పని ముగించుకుని వచ్చేదాకా అలాగే ఉన్నాను. వచ్చాక చెయ్యి ఇమ్మన్నాను. ఇచ్చింది. వాసన చూశాను. ఆ నలుగురు ఆడవాళ్ళు చేసిన పనే నేనూ చేశాను.

"ఎప్పట్నుంచి?"

"నిన్నటి నుంచి. నీ మంచం కింద ఉన్న, క్లోరిన్ తీసే పాత చిన్న యంత్రంతోనే మామ్మా. మూత తీసి మట్టం చూసేటప్పుడు పోస్తున్నాను. రెండు అయిదు లీటర్ల క్యాన్లు."

"పడవ సంగతి తెలుసుగా?"

"బంగారి సంగతీ తెలుసు."

"ఇన్నేళ్ళుగా నేను ఏమని చెబుతూ వచ్చానే? ఎవరూ మీకు తెలియకుండా నీళ్ళలో ఏదీ కలపరు అని కదా?"

రత్నం క్యాను తుడుస్తూ, "నువ్వు ఆపెయ్యమంటే ఆపేస్తాను. చెప్పు, ఆపెయ్యనా?" అంది.

గోడ అవతల చప్పుడు లేదు. ఏడుపు కూడా లేదు. నేను ఆపమనలేదు.

ఒక్క మాట మాత్రం అన్నాను. రాయకుండా పొయ్యడానికి వీల్లేదు. ఒకరోజు మరిచిపోయి రెండుసార్లు పోస్తే గొంతులు మండుతాయి, ఒకరోజు తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. కొలత లేకుండా మందు వేసే మనిషి చేతిలో ఉన్నది విషమే. సీలు వేసిన గదిలో రిజిస్టరు ఉంది కాబట్టి ఇకనుంచి ఈ నోటుపుస్తకమే రిజిస్టరు.

సోమవారం, పెద్ద ట్యాంకు, పది లీటర్లు. మంగళవారం, పెద్ద ట్యాంకు, పది లీటర్లు, కుళాయి దగ్గర క్లోరిన్ 0.2. వేసినది, జోషిత.

చివరి మాట చూసి రత్నం గొడవపెట్టుకుంది. "నా పని నీ పేరున రాస్తావా?"

"దస్తూరీ నాది. చట్టం దస్తూరీని నమ్ముతుంది. నువ్వు చదువుకున్నదానివి, ఆలోచించు."

ఈ పుస్తకం దొరికితే పడవ ఖాయం. ఈ పుస్తకం లేకపోతే మందు అపాయం. దిండు గలీబులో పెట్టి పడుకుంటున్నాను. 

శనివారం

బుధ, గురు, శుక్ర, శనివారాలు పది లీటర్ల చొప్పున. కుళాయి దగ్గర 0.3. వేసినది, జోషిత.

గురువారం నుంచి కొత్త రోగులు తగ్గారు. ఇవాళ ఒక్కరే. అయితే ఈలోపు నలుగురు పోయారు. బంగారి లేచి కూర్చుని చెంచా గిరాటేసిందట. పైడమ్మ తలుపు తీసి తనే నా గదికి వచ్చింది. ఎండు రొయ్యల పులుసు గిన్నె తెచ్చింది.

"మీరు సెప్పిన ఉప్పూ పంచదారా పనిసేసినాది అమ్మగోరూ. కానీ అసలు సేసింది బాబుగోరు. మందు మొత్తం దిగిపోనాదట. ఆయనే గాని అడక్కపోతే ఈ పిల్ల నాకు దక్కునా?"

నేను పులుసు గిన్నె అందుకున్నాను. "బాగుందే" అన్నాను, ఇంకా రుచి చూడకుండానే.

పదకొండేళ్ళుగా నా నాలుక మీద ఆడిన మాటలన్నీ ఒక్కసారి లోపల తోసుకొచ్చాయి. రత్నం నా వైపు చూస్తోంది. మింగేశాను. రొయ్యలు నిజంగానే బాగున్నాయి.

బుధవారం

ఆది నుంచి బుధ వరకు పది లీటర్ల చొప్పున. 0.3, 0.3, 0.4, 0.3. వేసినది, జోషిత.

మంగళవారం 0.4 వచ్చింది. ఆ రోజు ఒకటో ఓడలో ఎవరో నీళ్ళు వాసన వేస్తున్నాయని అన్నారు. మధ్యాహ్నానికి రెండో ఓడలో అన్నారు. సాయంత్రానికి నీళ్ళు ముట్టనివాళ్ళు కూడా అన్నారు. ఇవాళ తెల్లవారాక ఎవరో పైతట్టు మీదికి ఒక చిన్న పడవ తెచ్చి బోర్లించారు. దానికి తెడ్డు లేదు. ఎవరు తెచ్చారో తెలియదు. ఎవరూ తీసెయ్యనూ లేదు. పిల్లలు దానిమీద ఎక్కి ఆడుకుంటున్నారు.

ఇవాళ మిట్టమధ్యాహ్నం విహాన్‌బాబు నా గదికి వచ్చాడు. బూరలో వినడమే గాని ఇంత దగ్గరగా చూసి చాలా ఏళ్ళయింది. మనిషి గొంతు కంటే చిన్నవాడు. చొక్కా మెడ దగ్గర చెమట.

"భోజనమైందా అమ్మా?"

"నాకు బూరలోనే అలవాటు. ఎదురుగా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. కూర్చో."

కూర్చోలేదు. "ఆదివారం మిమ్మల్ని మైకు ముందుకి పిలవమంటున్నారు. నీళ్ళలో ఏమైనా కలుస్తోందా అని అడగాలట. నేను అడుగుతాను. మీరు లేదనండి."

"లేదనే అంటానని నీకెలా తెలుసు?"

"తెలియదు. నాకేమీ చెప్పకండి." గొంతు తగ్గించాడు. "మా అమ్మాయిది మూడో ఓడే. మనవడు శుక్రవారం లేచాడు. శుక్రవారం ఎందుకు లేచాడో నాకు తెలియనక్కర్లేదు."

రత్నం మంచం పక్కన నిలబడి ఉంది. మంచం కింద యంత్రం ఉంది. అతను అటు చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు.

"అయితే ఆ మాట నువ్వే చెప్పవచ్చుగా. నీ మాట వింటారు."

"వింటారనుకుంటున్నారా?" నవ్వడానికి ప్రయత్నించాడు. "నిన్న నేను 'వాసన వర్షాకాలంలో మామూలేనేమో' అన్నాను. అయిదు నిమిషాల్లో మైకు గదికి కబురొచ్చింది, బాబుగారికి ఎవరు మందు పెట్టారు అని. ఆ పడవ నేను తెప్పించింది కాదమ్మా. ఎవరి కోసం తెచ్చారో కూడా నేను అడగలేదు."

"అడిగితే తప్పేంటి?" అన్నాను.

దెబ్బ తగిలింది. నాకు సంతోషం కలగలేదు.

"ఒక్కటి చెప్పు నాయనా. నువ్వు చెప్పేవి నువ్వు నమ్ముతావా?"

"మైకు ముందు నమ్ముతాను" అన్నాడు. తలుపు దగ్గర ఆగి, "ఆదివారం జోకులు వెయ్యకండి" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం

గురు నుంచి ఆది వరకు పది లీటర్ల చొప్పున. రోజూ 0.2. వేసినది, జోషిత. వాసన రాకుండా రత్నం సగం పొద్దున్న, సగం ఎండ ఎక్కాక మట్టం చూసే వేళకి పోస్తోంది. రెండుసార్లు మూత తీయడమంటే రెండుసార్లు దొరికే అవకాశం.

సాయంత్రం మైకు గది. గాజు అవతల జనం. అప్పన్న నేల చూస్తున్నాడు. డాక్టరు కల్యాణి నా వైపే చూస్తోంది. రోగం ఎందుకు తగ్గిందో ఆవిడ పట్టుకునే ఉంటుంది. అంకెలు చదవగలిగిన మనిషి.

విహాన్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఒకే ప్రశ్న. ట్యాంకులో ఎవరైనా ఏమైనా కలుపుతున్నారా?"

నిజం చెబితే ఏమవుతుందో నాలుగు రోజులుగా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. నేను పడవలోకి. దానికి సిద్ధమే. కానీ మూతకి తాళం పడుతుంది, వారానికి బంగారి మళ్ళీ పడుకుంటుంది. ఈ క్యాన్లు ఈ ముసలిది ఒక్కతే మోసిందా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగడం ఈ ఊరికి బాగా వచ్చు.

"లేదు" అన్నాను.

అంతే. చలోక్తి లేదు, ఉపమానం లేదు.  తరవాత ఎక్కడో చప్పట్లు మొదలై మూడో ఓడ దాకా పాకాయి. పదకొండేళ్ళలో నేను చెప్పిన మాటని అందరూ నమ్మడం ఇదే మొదలు.

గదికి ఎలా వచ్చానో తెలియదు. ఇన్నేళ్ళుగా అతను చెబుతూ వచ్చినవి రెండే మాటలు. నీళ్ళలో ఎవరో దొంగచాటుగా ఏదో కలుపుతున్నారు. అడిగితే అబద్ధం చెబుతారు. ఇవాళ్టితో ఆ రెండూ నిజం. ఆ నిజానికి సాక్ష్యం నా దస్తూరీలోనే ఉంది.

కాసేపటికి పైడమ్మ వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు నేదన్నారు. నాను నమ్మీసినాను. మిమ్మల్ని అన్న మాటలు మనసులో ఎట్టుకోకండి. ఇక ఎవులూ మీ మీదా రత్నం మీదా ఏలెత్తి సూపకుండా నాను సూసుకుంతాను."

"ఏం చూసుకుంటావే?"

"రేపట్నుంచి తెల్లారగట్ల ట్యాంకు కాడ నానే కూకుంతాను. కమిటీకి సెప్పీసినాను. రోజంతా ఒగ్గను, వలలు అక్కడికే తీసుకుపోతాను. ఎవుడైనా ఏటైనా పొయ్యడానికొస్తే ఆ పడవలో నానే ఎక్కిస్తాను."

ప్రేమగా చెప్పింది. బంగారి ఆమె చంకలోంచి నా కళ్ళజోడు లాగుతోంది.

సోమవారం

ఇవాళ క్యాన్లు నేను పట్టుకెళ్ళాను. రత్నం తలుపుకి అడ్డం నిలబడింది. "నేను పట్టుబడితే నన్ను పడవలో వేస్తారు, అంతే. నువ్వు పట్టుబడితే అది నేను చూడాలి" అన్నాను. తప్పుకుంది. అయిదు లీటర్లు ఒక చేతిలో, అయిదు రెండో చేతిలో. మూడుసార్లు దింపుకున్నాను. 

తూరుపు తెల్లబడుతోంది. ట్యాంకు మెట్ల మీద పైడమ్మ వల పరుచుకుని కూర్చుంది. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. నన్ను చూసి నవ్వి, క్యాన్లు చూసి ఆగిపోయింది. ఒక క్యాను మూత విప్పి వాసన చూసింది.  ఒక్క కేక వేస్తే చాలు, పైతట్టు మీద జనం లేచే వేళే.

"ఎప్పట్నుంచి?"

"బంగారికి పట్టుకున్న మూడో రోజు నుంచి."

పిల్ల వైపు చూసింది. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. 

"నిన్న నేదన్నారు."

"అబద్ధమాడాను."

"నా పిల్లకి నాతో సెప్పకుండా తాగించీసినారు."

"చెబితే తాగించేదానివా?"

"నేదు."

"మరి?"

"అయినా సెప్పాల" అంది. కళ్ళనిండా నీళ్ళు. "నాకు సెప్పాల గదా అమ్మగోరూ. నా పిల్ల గదా."

  నేను కూడా మెట్టు మీద కూర్చున్నాను. ఎంత పోస్తారు, ఎందుకు పది లీటర్లే, ఎక్కువైతే ఏమవుతుంది, తక్కువైతే ఏమవుతుంది అని ఒకటొకటే అడిగింది. అన్నిటికీ చెప్పాను. బళ్ళో ఇన్ని ప్రశ్నలు ఎన్నడూ అడగలేదు. పసుపు ఎలా తిరుగుతుందో చూపించమంది. మందు వేసిన కొద్దిసేపటికి గొట్టం ఆమె చేతికే ఇచ్చాను. వెలుతురుకి ఎత్తి పట్టి చూసింది.

కానీ దానికి ముందు, నేను ట్యాంకు మూత తీసేటప్పుడు పైడమ్మ పక్కకి జరగలేదు. నేను క్యాను ఎత్తలేక నిలబడిపోతే, అడుగున ఒక చెయ్యి వేసింది. అంతవరకే. మొహం సముద్రం వైపు తిప్పేసుకుంది.

సోమవారం, పెద్ద ట్యాంకు, పది లీటర్లు, 0.3. వేసినది, జోషిత.

వచ్చేటప్పుడు, "రేపు పోయనిస్తావా?" అని అడిగాను.

"నాను ఆలోసించుకోవాల. రేపటి సంగతి రేపు సెప్తాను."

గదిలో రత్నం నిలబడే ఉంది. నేను వెళ్ళినప్పుడు ఎక్కడుందో అక్కడే. నీళ్ళు తాగించి అడిగింది.

"ఏమంది మామ్మా?"

"రేపు చెబుతానంది."

రత్నం కిటికీ తెరిచి, మంచం కింది యంత్రాన్ని ముందుకి లాగి, రేపటికని ఉప్పునీళ్ళు పోసింది.